చుక్కలు ఎలా వెలుగుతాయి, కొన్ని ఎందుకు పేలిపోతాయి? మా డాబా మీద పిల్లలు అడిగే ప్రశ్నలు

నేను వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి) దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కూర్మన్నపాలెంలో మా డాబా మీద చిన్న టెలిస్కోపు ఒకటి ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా, ఆకాశం తేటగా ఉన్న సాయంత్రాల్లో వీధిలో పిల్లలు చాపలు చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చేస్తారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు ఏటా ఇంచుమించు అవే. వాటినే ఇక్కడ రాసిపెట్టాను. ఆరో తరగతి దాటినవాళ్ళు సొంతంగా చదువుకోవచ్చు, చిన్నపిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించండి.

నక్షత్రం అంటే ఏమిటి?

చాలా పెద్ద, చాలా వేడి వాయువు ముద్ద. రాయి కాదు, నిప్పుకణిక కాదు. ఎక్కువ భాగం హైడ్రోజన్, తర్వాత హీలియం, మిగతావన్నీ చిటికెడు. నక్షత్రాల్లో ఉన్నది ప్రధానంగా హైడ్రోజనే అని 1925లో సిసీలియా పేన్ అనే యువ శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పింది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు. పెద్దవాళ్ళు మొదట నమ్మలేదు, కొన్నేళ్ళకు ఆమె చెప్పిందే నిజమని తేలింది.

సూర్యుడు కూడా చుక్కేనా? మరి మిగతావి ఎందుకంత చిన్నగా ఉంటాయి?

అవును, సూర్యుడూ నక్షత్రమే. మనకు దగ్గరగా ఉన్నాడు కాబట్టి పెద్దగా కనిపిస్తాడు. దగ్గర అంటే 15 కోట్ల కిలోమీటర్లు. అక్కడి నుంచి వెలుగు మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైన పడుతుంది.

ఒకసారి డాబా మీద ఇలా చేసి చూపించాను. ఫుట్‌బాల్‌ని సూర్యుడు అనుకుందాం. అప్పుడు భూమి ఒక పెద్ద ఆవగింజంత. ఆ ఆవగింజను ఫుట్‌బాల్‌కి 24 మీటర్ల దూరంలో పెట్టాలి. మా డాబా సరిపోలేదు, వీధిలోకి దిగి అడుగులు వేసి పెట్టాం. మరి సూర్యుడి తర్వాత మనకు దగ్గరగా ఉన్న నక్షత్రం ఎక్కడుండాలి? వైజాగ్‌లో ఫుట్‌బాల్ ఉంటే, రెండోది 6,000 కిలోమీటర్ల అవతల ఉండాలి. జపాన్ దాకా వెళ్ళాలన్నమాట! అంత దూరంలో ఉండి కూడా మన కంటికి కనిపిస్తున్నాయంటే అవి ఎంత వెలుగు ఇస్తున్నాయో ఆలోచించండి.

అక్కడ గాలి లేదు కదా, మంట ఎలా మండుతుంది?

ఇది మంచి ప్రశ్న. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నక్షత్రంలో ఉన్నది మంట కాదు. కట్టె మండాలంటే గాలిలో ఆక్సిజన్ కావాలి. నక్షత్రానికి అది అక్కర్లేదు. అక్కడ జరిగే పని వేరే.

సూర్యుడి నడిబొడ్డున వేడి దాదాపు కోటిన్నర డిగ్రీలు. అంత వేడిలో, అంత ఒత్తిడిలో హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు ఒకదాన్నొకటి గుద్దుకుని అతుక్కుపోతాయి. నాలుగు హైడ్రోజన్లు, కొన్ని మెట్లు దాటి, చివరికి ఒక హీలియం అవుతాయి. దీన్ని కేంద్రక సంలీనం అంటారు. తమాషా ఏమిటంటే, తయారైన హీలియాన్ని తూకం వేస్తే ఆ నాలుగు హైడ్రోజన్ల మొత్తం కన్నా రవ్వంత తక్కువ బరువుంటుంది. వెయ్యి గ్రాములకు ఏడు గ్రాములు తగ్గుతుంది. ఆ తగ్గిన పదార్థమే శక్తిగా మారి వెలుగై బయటికొస్తుంది.

సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తాడు. అందులో 40 లక్షల టన్నులు శక్తిగా మారిపోతాయి. మా స్టీల్ ప్లాంట్ మొత్తం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. మేమందరం మూడు షిఫ్టుల్లో ఏడాదంతా కష్టపడి తీసే ఉక్కు కన్నా ఎక్కువ బరువు, సూర్యుడు రెండు సెకన్లలో వెలుగు చేసేస్తాడు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

లోపల పుట్టిన ఆ వెలుగు వెంటనే బయటికి రాలేదు. చందనోత్సవం నాడు సింహాచలం కొండ మీద జనంలో ఇరుక్కున్నట్టు, అడుగు ముందుకు వేస్తే ఎవరో ఒకరు తగులుతారు, పక్కకు తోస్తారు. అలా తోసుకుంటూ సూర్యుడి ఉపరితలం చేరేసరికి వేల ఏళ్ళు, ఒక్కోసారి లక్ష ఏళ్ళు కూడా పడుతుంది. బయటపడ్డాక మన దగ్గరికి మాత్రం ఎనిమిది నిమిషాలే.

హీలియం అంటే బర్త్‌డే బెలూన్లలో వేసే గ్యాసేనా?

అదే. దాని కథలో మన గుంటూరు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఓడెక్కి గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే వాయువుల వెలుగును గాజు పట్టకంతో రంగులుగా విడదీసి చూశాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలోనూ శాస్త్రవేత్తలు చూశారు. ఆ గ్రహణంతోనూ, ఆ తర్వాత కొద్ది నెలల్లో ఇంగ్లండులో లాకియర్ చేసిన పరిశీలనలతోనూ, ఆ రంగుల్లో, భూమ్మీద అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాని పసుపుపచ్చ గీత ఒకటి బయటపడింది. ఆ కొత్త పదార్థానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద హీలియం దొరికింది 1895లో. అంటే ముందు సూర్యుడిలో దొరికింది, తర్వాత మన ఇంట్లో!

లోపల అంత వేడి ఉంటే సూర్యుడు ఒక్కసారిగా పేలిపోడేం?

ఆర్కే బీచ్‌లో బెలూన్ కొన్నారనుకోండి. లోపలి గాలి బయటికి తోస్తుంటుంది. రబ్బరు లోపలికి బిగదీస్తుంటుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపు బెలూన్ అలాగే ఉంటుంది.

నక్షత్రానికి రబ్బరు లేదు. దాని బరువే దాన్ని నలువైపుల నుంచీ లోపలికి లాగుతుంటుంది. అదే గురుత్వాకర్షణ. లోపలి వేడి బయటికి తోస్తుంటుంది. ఒకవేళ వేడి కాస్త ఎక్కువైతే నక్షత్రం కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బితే చల్లబడుతుంది, సంలీనం నెమ్మదిస్తుంది, మళ్ళీ కుదురుకుంటుంది. చల్లబడితే కొంచెం కుంచించుకుంటుంది, వేడి పెరుగుతుంది. ఇలా తన్ను తాను సర్దుకుంటూ సూర్యుడు 460 కోట్ల ఏళ్ళుగా నడుస్తున్నాడు. ఇంకో 500 కోట్ల ఏళ్ళకు సరిపడా హైడ్రోజన్ ఉంది.

ఈ తోపులాట గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

కొన్ని చుక్కలు ఎర్రగా, కొన్ని తెల్లగా, నీలంగా ఎందుకుంటాయి?

వేడిని బట్టి. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బ్లాస్ట్ ఫర్నేస్ అడుగున టాప్ హోల్ అని ఒక రంధ్రం ఉంటుంది. మామూలప్పుడు దాన్ని బంకమట్టి లాంటి మందుతో మూసి ఉంచుతాం. ఇనుము దింపే వేళకు డ్రిల్‌తో ఆ మట్టిని తొలుస్తాం. ఒక్కసారిగా భగ్గుమని హాట్ మెటల్, అంటే కరిగిన ఇనుము, బయటికి దూకుతుంది. దాని వేడి దాదాపు 1,500 డిగ్రీలు. ముఖానికి నీలం అద్దం అడ్డం పెట్టుకోకపోతే చూడలేం. రంధ్రం దగ్గర లేత పసుపు, తెలుపు కలిసినట్టుంటుంది. చుట్టూ చిచ్చుబుడ్డి వెలిగించినట్టు నిప్పురవ్వలు. ఆ తుంపర ఒకటి కాలిబాట మీద పడితే నిలబడి గమనించేవాణ్ణి. పసుపు, నారింజ, ఎరుపు, మసక ఎరుపు, నలుపు. ఇన్ని రంగులూ మారడానికి ఎక్కువసేపు పట్టదు.

నక్షత్రాలకూ ఇదే సూత్రం. ఎర్రగా ఉంటే చల్లనిది, అంటే మూడు వేల డిగ్రీల పైచిలుకు. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీలు. నీలం తెలుపుగా మెరిసేవి పది వేలు, ఇరవై వేలు దాటతాయి. కుళాయిల మీద ఎరుపంటే వేడి, నీలమంటే చల్లన అని గుర్తులు పెడతారు కదా, ఆకాశంలో దానికి తలకిందులు.

చుక్కలు మిణుకుమిణుకు మంటాయెందుకు?

చుక్కలు మిణకవు. మధ్యలో ఉన్న మన గాలి కదులుతుంది. వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు మీద దూరంగా ఉన్న బస్సు అలలుగా ఊగినట్టు కనిపిస్తుంది చూడండి, అదే.

రాలే చుక్క నిజంగా చుక్కేనా?

కాదు. ఇసుక రేణువంత, గులకరాయంత రాయి అంతరిక్షం నుంచి వేగంగా వచ్చి మన గాలిలో మండిపోతుంది. దాన్ని ఉల్క అంటారు. ఏ చుక్కా రాలదు.

నక్షత్రాలు పుడతాయా?

పుడతాయి. అంతరిక్షంలో వాయువు, దుమ్ము కలిసిన పెద్ద పెద్ద మబ్బులున్నాయి. వాటిలో కొంత భాగం తన బరువుకు తానే దగ్గరికి జరిగి, ముద్దయి, వేడెక్కి, చివరికి సంలీనం మొదలవుతుంది. ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. చలికాలం రాత్రుల్లో మూడు చుక్కలు వరుసగా ఉండే మృగవ్యాధుడి (ఇంగ్లీషులో ఓరియన్) నడుము కింద మసకగా ఒక మచ్చ కనిపిస్తుంది. అది నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రాల పురిటిగది. బైనాక్యులర్స్‌తో చూస్తే ఇంకా బాగుంటుంది.

కాంతి సంవత్సరం అంటే కాలం కాదు, దూరం. వెలుగు ఏడాదిలో వెళ్ళే దూరం.

మన సూర్యుడు పేలతాడా?

పేలడు. ఈ ప్రశ్న అడిగేటప్పుడు కొంతమంది పిల్లల గొంతులో టెన్షన్ వినిపిస్తుంది. కాబట్టి ముందే చెబుతున్నాను, పేలడు. పేలేటంత బరువు సూర్యుడికి లేదు. పేలాలంటే సూర్యుడికి కనీసం ఎనిమిది రెట్లు బరువుండాలి.

500 కోట్ల ఏళ్ళ తర్వాత నడిమధ్యలో హైడ్రోజన్ అయిపోయాక సూర్యుడు బాగా ఉబ్బి ఎర్రబడతాడు. బుధుణ్ణి, శుక్రుణ్ణి మింగేస్తాడు. తర్వాత పై పొరలు మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతాయి. మధ్యలో భూమి అంత సైజులో తెల్లటి వేడి ముద్ద మిగులుతుంది. దాన్ని శ్వేత మరుగుజ్జు అంటారు. పొయ్యిలో చివరి బొగ్గులా అది కోట్లాది ఏళ్ళు చల్లారుతూ ఉంటుంది.

మరి ఏవి పేలతాయి?

బాగా బరువైనవి. బరువెక్కువ ఉంటే ఎక్కువ కాలం బతకాలి కదా అనుకుంటాం. అక్కడ జరిగేది తిరగబడి ఉంటుంది. బరువెక్కువైతే లోపల ఒత్తిడి, వేడి విపరీతంగా ఉంటాయి. ఇంధనం గబగబా ఖర్చయిపోతుంది.

సూర్యుడికి 25 రెట్లు బరువున్న నక్షత్రాన్ని తీసుకుందాం. దానిలో హైడ్రోజన్ సుమారు 70 లక్షల ఏళ్ళే వస్తుంది. సూర్యుడికి వెయ్యి కోట్ల ఏళ్ళు సరిపోతుందని మర్చిపోకండి. హైడ్రోజన్ అయిపోగానే నడిమధ్య కుంచించుకుని ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు మిగిలిన బూడిద, అంటే హీలియం, ఇంధనంగా పనికొస్తుంది. అది కార్బన్, ఆక్సిజన్ అవుతుంది. ఈ దశ కొన్ని లక్షల ఏళ్ళు. హీలియం కూడా అయిపోతే కార్బన్ వంతు, సుమారు 600 ఏళ్ళు. తర్వాత నియాన్, ఒక ఏడాది. ఆక్సిజన్, ఆరు నెలలు. ఆఖరికి సిలికాన్. అది ఎంతకాలం వస్తుందో చెప్పండి అని అడుగుతాను. నెల అంటారు, వారం అంటారు. ఒక్క రోజు! లక్షల ఏళ్ళు బతికిన నక్షత్రానికి చివరి ఇంధనం ఒక్క రోజు వస్తుంది.

ఆ వేళకు నక్షత్రాన్ని అడ్డంగా కోసి చూడగలిగితే ఉల్లిపాయలా ఉంటుంది. పైన హైడ్రోజన్, దాని లోపల హీలియం, ఇంకా లోపలికి కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ పొరలు. నట్టనడుమ సిలికాన్ మండగా మిగిలింది ఇనుము.

"ఇనుమైతే ఏటవుద్ది తాతయ్యా?"

ఈ ప్రశ్న మా పక్కింటి మూడో తరగతి పిల్లది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా ఇదే. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస లైను మీద గూడ్సు బండ్లలో ఖనిజం వచ్చేది, మేము గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఫర్నేసుల్లో దాన్ని కరిగించేవాళ్ళం. మా ఇంట్లో అందరూ తిన్నది ఆ ఇనుము మీద వచ్చిన జీతమే. ఆకాశంలో అంత పెద్ద నక్షత్రాన్ని కూల్చేది కూడా అదే ఇనుమని యాభై ఏళ్ళు దాటాక గానీ నాకు తెలియలేదు.

ఇదెలాగంటే, కైలాసగిరి పై నుంచి సైకిల్ మీద దిగుతున్నారనుకోండి. పెడల్ తొక్కక్కర్లేదు, వాలే లాక్కెళ్తుంది. హైడ్రోజన్ కొండ కొన మీద ఉంది. హీలియం కొంత కింద. కార్బన్ ఇంకొంత కింద. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా శక్తి బయటికొస్తుంది. ఇనుము కొండ అడుగున ఉంది. దాని పరమాణు కేంద్రకం అంత గట్టిగా కుదురుకుని ఉంటుంది. అక్కడి నుంచి ముందుకెళ్ళాలంటే మళ్ళీ ఎక్కుడే. పెడల్ తొక్కాలి, అంటే శక్తి మనమే పెట్టాలి.

కాబట్టి ఇనుము దగ్గర సంలీనం శక్తి ఇవ్వడం మానేస్తుంది. నడిమధ్యలో కొత్త వేడి పుట్టదు. బయటికి తోసేది బలహీనపడుతుంది. లోపలికి లాగే బరువు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగదు. బెలూన్ గుర్తుందా?

అయితే నక్షత్రం లోపలికి కూలిపోవాలి. బయటికి ఎందుకు పేలుతుంది?

రెండూ జరుగుతాయి, ఒకదాని వెంట ఒకటి. ఇనుప గుండె బరువు సూర్యుడికి 1.4 రెట్ల దగ్గరికి చేరగానే తన్ను తాను మోసుకోలేక కూలుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల గోళం సెకను కూడా గడవకుండా కుప్పకూలి, 20 కిలోమీటర్ల ముద్దకు దగ్గరవుతుంది. పదార్థం లోపలికి పడే వేగం సెకనుకు పదుల వేల కిలోమీటర్లు. పరమాణువుల్లో ఉండే ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ నలిగి న్యూట్రాన్లు అనే కణాలవుతాయి. ఇక నలగడానికి వీల్లేనంత గట్టిపడిపోయి, లోపలి ముద్ద టక్కున ఆగుతుంది. పై నుంచి పడుతున్న పొరలు దానికి కొట్టుకుని వెనక్కి ఎగురుతాయి.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. బాస్కెట్‌బాల్ మీద టెన్నిస్ బంతిని సరిగ్గా నిలబెట్టి, రెండూ కలిపి నడుమెత్తు నుంచి గచ్చు మీదికి వదలండి. బాస్కెట్‌బాల్ చిన్నగా ఎగురుతుంది. టెన్నిస్ బంతి మాత్రం మీ తల దాటి పోతుంది. మొదటిసారి చేసినప్పుడు మా బంతి పిట్టగోడ మీదుగా వెళ్ళి వెనకింటి కొబ్బరిచెట్టు మొవ్వులో ఇరుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. మీరు కిందనున్న ఖాళీ స్థలంలో చేయండి, ముఖం వంచి చూడకండి.

అయితే ఒక్క ఎగురుడే చాలదు. పై పొరలు చాలా బరువు. ఆ ఎగురుడుతో బయటికి బయలుదేరిన తరంగం మధ్యలో నీరసపడుతుంది. దానికి దన్నుగా వచ్చేవి న్యూట్రినోలు. ఇవి దాదాపు దేన్నీ పట్టించుకోకుండా దూసుకుపోయే బుల్లి కణాలు. ఇది చదువుతున్న మీ ఒంట్లోంచి కూడా సూర్యుడి న్యూట్రినోలు సెకనుకు కోటానుకోట్లు పోతున్నాయి. కూలిన గుండె నుంచి వచ్చే శక్తిలో 99 శాతం వీటిదే. వీటిలో కొద్దిభాగం పై పొరల్లో చిక్కుకున్నా చాలు, ఆ వేడికి తరంగం మళ్ళీ లేస్తుంది. కొన్ని గంటల్లో నక్షత్రం ఉపరితలాన్ని చీల్చుకుని బయటపడుతుంది. అప్పుడు మనకు కనిపించేదే సూపర్‌నోవా. కొన్ని వారాల పాటు ఆ ఒక్క చుక్క కోట్లాది సూర్యుళ్ళంత వెలుగు ఇస్తుంది.

1.4 అనే లెక్క ఎవరు కనిపెట్టారు?

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో బొంబాయి నుంచి ఇంగ్లండుకు ఓడలో చదువుకోవడానికి వెళ్తూ, దారిలో కాగితాల మీద లెక్క మొదలుపెట్టాడు. అప్పటికి వయసు 19. శ్వేత మరుగుజ్జుకు ఒక బరువు హద్దు ఉంటుందని, అది దాటితే నిలబడలేదని తేల్చాడు. ఇనుప గుండె కూలేదీ ఆ హద్దు దగ్గరే. ఎడింగ్టన్ అనే ఆనాటి చాలా పెద్ద శాస్త్రవేత్త 1935లో నిండు సభలో ఆ మాటను కొట్టిపారేశాడు. చంద్రశేఖర్‌కు నోబెల్ వచ్చింది 1983లో. అన్నేళ్ళు పట్టినా ఆయన లెక్క మారలేదు.

ఈ కథలో విశాఖపట్నం ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మన ఊళ్ళో సొంత ఖర్చుతో నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టించాడు. ఇప్పటి డాబా గార్డెన్స్ ప్రాంతంలో. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి వెళ్ళడాన్ని ఇక్కడి నుంచే గమనించి రాశాడు. మిసెస్ ఏవీఎన్ కాలేజీ పేరు విన్నారు కదా, ఆ ఏవీఎన్ ఈయనే, మిసెస్ ఆయన భార్య. ఆ కాలేజీలో 1892 నుంచి లెక్కలు, ఫిజిక్సు చెప్పిన మేష్టారు చంద్రశేఖర్ తాతగారు. అంటే సి.వి.రామన్ నాన్నగారు. రామన్ మన ఊళ్ళోనే సెంట్ అలోషియస్ బడిలో చదివాడు.

ఆ కాలేజీ ముందు నుంచి ఆటోలో వెళ్ళినప్పుడల్లా మా మనవడికి వేలు పెట్టి చూపిస్తాను.

అన్ని సూపర్‌నోవాలూ ఇలాగే వస్తాయా?

ఇంకో రకం ఉంది. జంట నక్షత్రాల్లో ఒకటి శ్వేత మరుగుజ్జు అయితే, పక్కదాని నుంచి పదార్థం లాక్కుని, లేదా రెండు మరుగుజ్జులు కలిసిపోయి, హద్దు దగ్గరికొచ్చేసరికి లోపలి కార్బన్ అంతా ఒకేసారి అంటుకుంటుంది. దానిలో గుండె కూడా మిగలదు, మొత్తం చెదిరిపోతుంది. ఈ రకం పేలుళ్ళలో ఇనుము బోలెడు తయారవుతుంది.

ఎవరైనా కళ్ళతో చూశారా?

చూశారు. 1054లో చైనా జ్యోతిష్కులు కొత్త చుక్క వచ్చిందని రాసిపెట్టారు. 23 రోజులు పట్టపగలు కూడా కనిపించింది. ఆ చోట ఇప్పుడు ఆ పేలుడు మిగిల్చిన వాయువుల మబ్బు, పీత నీహారిక ఉంది, మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో. దాని మధ్యలో, కూలిన గుండె మిగిల్చిన ముద్ద, అంటే న్యూట్రాన్ నక్షత్రం, సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుతోంది. మా డాబా మీద నుంచి ఎప్పుడూ దొరకలేదు, చుట్టూ దీపాలు ఎక్కువ. ఒక సంక్రాంతికి అరకు వెళ్ళినప్పుడు అదే టెలిస్కోపులో పొగమరకలా కనిపించింది. పది నిమిషాలు కన్ను తీయలేదు.

మన పాలపుంతలో మామూలు కళ్ళకు బాగా కనిపించిన ఆఖరి సూపర్‌నోవా 1604లో. 1987 ఫిబ్రవరిలో మాత్రం పక్కనున్న చిన్న గెలాక్సీలో ఒకటి పేలింది. దూరం దాదాపు 1,68,000 కాంతి సంవత్సరాలు. వెలుగు కనబడటానికి కొన్ని గంటల ముందే జపాన్, అమెరికా, సోవియట్ యూనియన్‌లలో భూగర్భంలో ఉన్న పరికరాలకు న్యూట్రినోలు తగిలాయి. అన్నీ కలిపి పాతిక. కూలిన గుండె కబురు ముందు, పేలిన ఒళ్ళు వెలుగు వెనక. లెక్కలు చెప్పినట్టే జరిగింది.

తర్వాత ఏది పేలుతుంది?

మనకు పేరు తెలిసిన చుక్కల్లో అయితే ఆరుద్ర. ఆరుద్ర కార్తెలో తొలకరికి పొలాల్లో మఖమల్ గుడ్డలా ఎర్రగా వచ్చే పురుగును చూశారా? దాని రంగులోనే ఉంటుంది ఈ చుక్క కూడా. ఇంత పెద్దదంటే, సూర్యుడి చోట పెడితే భూమి, అంగారకుడు కూడా దాని పొట్టలోకి వెళ్ళిపోతాయి. 2019 చివర, 2020 మొదట్లో అది బాగా మసకబారింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా ఎదురుచూసింది. మేమూ రోజూ డాబా ఎక్కాం. తీరా చూస్తే అది తానే వదిలిన దుమ్ము అడ్డం పడిందట.

వచ్చే లక్ష ఏళ్ళలో ఎప్పుడైనా పేలవచ్చు. నిజానికి మనం చూస్తున్న వెలుగు సుమారు 550 నుంచి 700 ఏళ్ళ కిందటిది, విజయనగర రాజుల కాలంలో అక్కడ బయలుదేరింది. పేలితే సగం చందమామంత వెలుగుతో పగలు కూడా కనిపిస్తుంది.

ఆరుద్ర కార్తె జూన్‌లో వస్తుంది. ఆ రోజుల్లో ఈ చుక్క మాత్రం కనబడదు. సూర్యుడు దాని దగ్గర ఉంటాడు కాబట్టే ఆ కార్తెకు ఆ పేరు.

పేలితే మనకేమైనా అవుతుందా?

కాదు. ప్రమాదం రావాలంటే కొన్ని పదుల కాంతి సంవత్సరాల దగ్గరలో పేలాలి. అంత దగ్గరలో పేలబోయే పెద్ద నక్షత్రం ఏదీ లేదు. ఆరుద్ర దానికి పది రెట్లకు పైగా దూరం.

పేలాక ఏం మిగులుతుంది?

సాధారణంగా న్యూట్రాన్ నక్షత్రం. అడ్డంగా 20 కిలోమీటర్లు, అంటే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దూరం కన్నా కాస్త తక్కువ. బరువు మాత్రం సూర్యుడి కన్నా ఎక్కువ. దాన్ని ఒక టీస్పూను తీస్తే వంద కోట్ల టన్నులకు పైనే తూగుతుంది. నక్షత్రం ఇంకా బరువైనదైతే కూలడం ఎక్కడా ఆగదు, కృష్ణబిలం అవుతుంది. దాని నుంచి వెలుగు కూడా బయటికి రాలేదు.

మన ఒంట్లో నక్షత్రాలున్నాయంటారు, నిజమేనా?

నిజమే. మీ ఎముకల్లో కాల్షియం, మీరు పీల్చే ఆక్సిజన్ పెద్ద నక్షత్రాల్లో తయారై, పేలుడులో చెల్లాచెదురై, మళ్ళీ మబ్బులో కలిసి, అందులోంచి సూర్యుడూ భూమీ పుట్టగా మనకు అందాయి. పెద్దవాళ్ళ ఒంట్లో ఇనుము మూడు నాలుగు గ్రాములుంటుంది, అంటే ఒక చిన్న మేకంత. రక్తం ఎర్రగా ఉండేది దానివల్లే. బైలదిల్లా ఖనిజంలో ఇనుము, మీ రక్తంలో ఇనుము, రెండూ ఒకప్పుడు పేలిన నక్షత్రాల్లోంచి వచ్చినవే.

అమ్మమ్మ మెడలో బంగారం కథ వేరే. న్యూట్రాన్ నక్షత్రాలు రెండు గుద్దుకున్నప్పుడు అలాంటి బరువైన మూలకాలు పుడతాయి. 2017 ఆగస్టు 17న అలాంటి గుద్దుడొకటి గురుత్వ తరంగాల్లోనూ (అంతరిక్షమే అలలా కదలడం), వెలుగులోనూ శాస్త్రవేత్తలకు దొరికింది.

మా ఇంటి నుంచి ఏం చూడొచ్చు? టెలిస్కోపు కొనాలా?

కొనక్కర్లేదు. మొదటి ఏడాది కళ్ళు చాలు, రెండో ఏడాది ఎవరి దగ్గరైనా బైనాక్యులర్స్ అడగండి. వాటితో సూర్యుణ్ణి మాత్రం ఎప్పుడూ చూడకండి, క్షణంలో కన్ను పోతుంది.

డాబా మీద లైటు ఆర్పేసి, ఫోను జేబులో పెట్టి, ఇరవై నిమిషాలు చీకటికి కళ్ళు అలవాటు పడనివ్వండి. డిసెంబరులో రాత్రి ఎనిమిదింటికి తూర్పు వైపు తిరగండి, బీచ్‌లో అయితే సముద్రం మీదుగా చూడండి. ముందు పైన గుంపుగా పిల్లలకోడి, అదే కృత్తిక. దాని కింద నారింజ రంగులో రోహిణి. ఇంకా కింద వరుసగా మూడు చుక్కలు. ఆ మూడింటికి ఎడమ పక్కన ఎర్రగా ఉన్నది ఆరుద్ర, కుడి పక్కన నీలం తెలుపుగా ఉన్నది రైజెల్. రెండింటినీ మార్చి మార్చి చూడండి, రంగు తేడా తెలుస్తుంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రం కావాలంటే చెయ్యి చాచి పిడికిలి బిగించి, నేల అంచు నుంచి ఒకదాని మీద ఒకటి రెండు పిడికిళ్ళు పెట్టండి. రెండో పిడికిలి పై అంచుకు కాస్త కింద ఉంటుంది. మన ఊళ్ళో ఎత్తైన అపార్ట్‌మెంట్ ఏదీ అడ్డం లేకపోతే కనిపిస్తుంది. మాకు ఒక నీళ్ళ ట్యాంకు అడ్డం, అందుకే మెట్ల గది పైకెక్కి చూస్తాం.